భయ్యాకి చెప్పాల్సిన సినిమా

సినిమాకి వెళ్తున్నామంటే ఏ పిల్లయినా గెంతుతుంది. నేను మాత్రం ఆ ఆదివారం పొద్దున్న తిన్న ఇడ్లీ తిన్నట్టే కక్కేసుకున్నాను. అమ్మ నా నుదురు మీద చెయ్యేసి చూసి, "జ్వరం లేదు, ఏటీ లేదు. ఒట్టి కంగారు. నీకు కంగారు పడ్డానికి కారణం కూడా కావాలా ఏటి?" అని విసుక్కుంది. కారణం ఆవిడకీ బాగా తెలుసు. ఆ కారణాన్ని మా పెరట్లో వేపచెట్టుకి కట్టేసి ఉంచారు. రాత్రి మిగిలిన చపాతీ నవుల్తోంది అది.

కంగారు నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఇప్పటికీ ఫోన్ మోగితే ముందు గుండె కొట్టుకుంటుంది, తర్వాతే చెయ్యి లేస్తుంది. కానీ ఆ రోజు కంగారు నా సొంతం కాదు. ఇంట్లో పెద్దవాళ్ళందరూ కలిసి పదమూడేళ్ళ పిల్ల నెత్తిన పెట్టింది. అందుకే ఇన్నేళ్ళ తర్వాత తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది.

మేం భిలాయిలో సెక్టర్ సెవెన్‌లో కింది వాటా క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. నాన్న ప్లాంట్‌లో పనిచేసేవాడు. నాన్న తల్లి, మా మామ్మ, శ్రీకాకుళం వైపు పల్లె నుంచి వచ్చి మాతోనే ఉండిపోయింది. హిందీలో ఆవిడకి వచ్చినవల్లా కూరలవాణ్ణి బేరమాడే మాటలూ, తిట్టే మాటలూ. నేనూ తమ్ముడూ అక్కడే పుట్టినవాళ్ళం. తమ్ముడికి తెలుగు అర్థమయ్యేది గానీ నోట్లోంచి హిందీయే వచ్చేది. మామ్మ తెలుగులో అడిగేది, వాడు హిందీలో చెప్పేవాడు, ఇద్దరికీ ఏ లోటూ లేకుండా గడిచిపోయేది.

వాడికి ఐదో ఏట మెదడు జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో వాడు కళ్ళు తెరవకుండా పడుంటే, మామ్మ వరండాలో కూర్చుని చీర కొంగున రూపాయి బిళ్ళ ముడేసి, మా ఊరి అమ్మవారికి మొక్కుకుంది. "గుంటడు లేచి తిరిగితే నీకు మేకపోతునిస్తాను తల్లీ. మాట తప్పితే వాణ్ణి నువ్వే పట్టుకుపో." ఆ రెండో మాట ఎందుకన్నావమ్మా అని నాన్న తర్వాత ఎంత తలకొట్టుకున్నాడో. అన్నాక ఏం చేస్తాం. తమ్ముడు లేచాడు, తిరిగాడు. మొక్కు అలాగే ఉండిపోయింది.

ఊరెళ్ళి తీర్చుకుందామంటే నాన్నకి సెలవు కుదరలేదు. మామ్మే ఓసారి ఊరెళ్ళి అమ్మవారి గుడి మట్టి, పసుపు కొంగున కట్టుకొచ్చి, మా పెరట్లో వేపచెట్టు మొదట్లో చిన్న గద్దె కట్టింది. నాన్న కుమ్హారి సంతకెళ్ళి మేకపిల్లని కొని తెచ్చాడు. గోధుమరంగుది, నుదుటి మీద తెల్లగా వంకర మచ్చ. పెరిగి పెద్దయ్యాక ఇద్దామనుకున్నారు. అక్కడే వచ్చింది చిక్కంతా.

జబ్బు నుంచి లేచాక తమ్ముడు మాట్లాడ్డం మానేశాడు. మాట పోలేదు, డాక్టర్లు కూడా అదే చెప్పారు. ఊరికే మానేశాడు. అన్నం పెడితే తినేవాడు, స్నానం చేయిస్తే చేసేవాడు. గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. అమ్మ వంటింట్లో పంపు తిప్పుకుని ఆ చప్పుడులో ఏడ్చేది. ఆ రోజుల్లోనే పక్కింటి సర్దార్జీ అంకుల్ వాళ్ళు వీసీఆర్ అద్దెకి తెచ్చి, మమ్మల్నీ పిలిచి ఓ సినిమా వేశారు. ఏ దేశం సినిమానో నాకిప్పటికీ తెలీదు. హిందీలో మాటలు నింపారు. అందులో ఓ మేక మాట్లాడుతుంది, అదీ ఒక్క పిల్లాడితోనే, వాడంటే నమ్మకం కాబట్టి. మంచుకొండల్లో తప్పిపోయిన ఆ పిల్లాణ్ణి ఇల్లు చేరుస్తుంది. పిల్లాడు దాన్ని భయ్యా అని పిలుస్తాడు.

సినిమా చూసొచ్చిన మా తమ్ముడు తిన్నగా పెరట్లోకెళ్ళి, కొత్తగా వచ్చిన మేకపిల్ల ముందు గొంతుక్కూర్చుని, "భయ్యా?" అన్నాడు. వారాల తర్వాత వాడి నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. మేక "మే" అంది. ఇంకేం కావాలి! ఆ రోజు నుంచి వాడు దానితో మాట్లాడ్డం మొదలెట్టాడు, దానితో మాట్లాడినవాడు మెల్లిగా మాతోనూ మాట్లాడాడు. మామ్మ నవ్వింది కూడాను. "మేకని నువ్వు భయ్యా అంటే అది నాకేటవుతాదిరా, మనవడా?" అని. నవ్వు ముగియకముందే మొహం మాడిపోయింది. దాన్ని ఎందుకు కొన్నామో గుర్తొచ్చినట్టుంది.

ఆ ఎండాకాలం భిలాయిలో ఎలాంటి ఎండలనీ, పెంకులు పేలిపోయేలా కాశాయి. సినిమాలో మేక జలపాతం కింద నిలబడి తానాలాడింది కదా, వీడూ రోజూ మధ్యాహ్నం కూలర్ బకెట్లోంచి మగ్గుతో నీళ్ళు తీసి మా మేక మీద పోసేవాడు. మొదట్లో అది గింజుకుని, ఒళ్ళంతా విదిలించి, మా ఇద్దర్నీ తడిపేసేది. అమ్మ ఆరేసిన బట్టల మీద పడి నాకు తిట్లు. కొన్నాళ్ళకి అలవాటైపోయింది. ఎన్ని నీళ్ళు పోసినా కళ్ళు మూసుకుని హాయిగా నిలబడేది. ఈ సంగతి ఇంట్లో వాడికీ నాకూ తప్ప ఎవరికీ పట్టలేదు, మధ్యాహ్నాలు పెద్దవాళ్ళు నిద్రపోతారు కాబట్టి.

అప్పుడొచ్చింది రెండో సినిమా. అదే మేక, అదే పిల్లాడు. ఈసారి టాకీసులోనే వేశారు. గోడల మీద మేక బొమ్మ చూసినప్పట్నుంచీ తమ్ముడికి నిద్ర లేదు. నాన్నని పట్టుకుని, భయ్యాకి కూడా టికెట్ కొంటావా అని అడిగాడు. నాన్న నవ్వాడు. నవ్వి, అటు తిరిగి మామ్మ మొహం చూశాడు. మామ్మ అప్పటికే నెలరోజులుగా పోరుతోంది. "ఏడాది ఎల్లిపోతంది బాబూ. అమ్మవారు ఊరుకోదు. గుంటడు దగ్గితే నా గుండెలు జారిపోతన్నాయి." అది ఉత్త మాట కాదు. వాడు దగ్గినప్పుడల్లా ఆవిడ చేతిలో పనల్లా కింద పడేది. నేను చూశాను.

అలా నిర్ణయమైపోయింది. ఆదివారం తమ్ముణ్ణి సినిమాకి పంపించాలి. వాడు హాల్లో ఉన్నంతలో మొక్కు తీరిపోవాలి. నాన్నతో కలిసి పనిచేసే మా ఊరి మావయ్య వచ్చి కత్తి పని చూస్తాడు. వాడు తిరిగొచ్చేసరికి పెరడు కడిగేసి ఉంటుంది. వాణ్ణి తీసుకెళ్ళే పని మాత్రం నాది.

"వాడు భయ్యా ఏడీ అంటే?" అన్నాను.

"ఊళ్ళో పొలంలో ఒదిలేశామని చెప్దాం, కొన్నాళ్ళకి తెచ్చేస్తామని చెప్దాం," అంది అమ్మ, నా మొహం చూడకుండా.

మావయ్య చుట్ట పీకి, "ఏటుంది దానికి? ఈ మచ్చ లాంటిదే కుమ్హారి సంతలో ఇంకోటి ఒడిసి పట్టుకొద్దాం. మేకలన్నీ ఒక్కలాగే ఉంటాయి, పిల్లలకేటి తెలుస్తాది?" అన్నాడు. నాకు ఆ నిమిషంలో ఆయన చుట్టని ఆయన చెవిలో కుక్కాలనిపించింది. నోరు మూసుకున్నాను. నేను అడ్డు చెప్తే, రేపు తమ్ముడికి ఏమన్నా అయితే? ఆ రెండో మాట, "నువ్వే పట్టుకుపో" అన్న మాట, నాకూ చెవుల్లో గింగురుమంటూనే ఉండేది. మేక చచ్చిపోవడమా, తమ్ముడు చచ్చిపోవడమా! ఎవరైనా పిల్లని ఇలా నిలబెడతారా? మేక పోతే వాడు మళ్ళీ గోడకేసి తిరిగి కూర్చుంటాడేమోనన్న భయం ఇంకోపక్క. ఇడ్లీ కడుపులో నిలుస్తుందా మరి.

బయల్దేరే ముందు తమ్ముడు పెరట్లోకెళ్ళి మేక రెండు చెవులూ పట్టుకుని, కహానీ మొత్తం గుర్తు పెట్టుకుని వచ్చి చెప్తానని మాటిచ్చాడు. నాన్న మమ్మల్ని స్కూటర్ మీద టాకీసు దగ్గర దింపి, నాకు మాత్రమే వినబడేలా, "అయ్యాక నేనే వస్తాను. నేను వచ్చేదాకా ఇక్కణ్ణుంచి కదలకు," అన్నాడు. తాళం తిప్పకుండానే రెండుసార్లు స్కూటర్ కిక్కు కొట్టాడు. నాకు ధైర్యం చెప్పాల్సిన మనిషే అలా ఉంటే నేనేం కాను?

హాలు నిండా పిల్లలే. పైన ఫ్యాన్లు చప్పుడు ఎక్కువ, గాలి తక్కువ. తెర మీద మేక కనబడగానే ఈలలు, చప్పట్లు. మా వాడు మాత్రం చప్పట్లు కొట్టలేదు. ముందుకి వంగి, కళ్ళు చిట్లించి చూశాడు. తర్వాత సినిమా అంతా వేళ్ళు మడుచుకుంటూ కూర్చున్నాడు. ఒక సంగతి అవ్వగానే ఒక వేలు. గుర్తు పెట్టుకోవాలి కదా.

ఈ రెండో భాగంలో మేకని దొంగలు ఎత్తుకుపోయి పట్నంలో అమ్మేస్తారు. లారీలో మేకల మధ్య ఇరుక్కుని అది పిల్లాణ్ణి పిలుస్తుంది. ఓ చోట కసాయి దుకాణం, గోడకి కత్తి. హాల్లో పిల్లలందరూ ఒక్కసారి ఊపిరి బిగబట్టారు. నాకైతే పై ప్రాణాలు పైనే పోయాయి. ఇదే సమయానికి మా పెరట్లో అనుకుంటూ, కళ్ళు గట్టిగా మూసుకున్నాను. తమ్ముడు నా మోచెయ్యి పట్టుకుని ఊపాడు. "దీదీ, కళ్ళు తెరువు. నేను చూడలేకపోతే నువ్వు చూసి చెప్పాలి కదా!" అన్నాడు హిందీలో. తెరిచాను. మేక తప్పించుకుంది. సినిమాలో తప్పించుకుంటుంది, దానికేం, రాసినవాడి దయ.

ఇంటర్వెల్లో దీపాలు వెలిగాక వాడు నా చెవి దగ్గరకొచ్చి, రహస్యంలాగా, "దీదీ, ఇది ఆ మేక కాదు," అన్నాడు.

"అదేరా."

"కాదు. ముందు సినిమాలో భయ్యాకి ఎడం కొమ్ము కొంచెం విరిగి ఉంటుంది. దీనికి కుడిది. వేరే మేకని తెచ్చి అదే అంటున్నారు. పిల్లలు చూడరనుకుంటారు వీళ్ళు." వాడి గొంతులో కోపం. మడిచిన వేళ్ళకేసి చూసుకుని, "కహానీ అంతా చెప్తాను గానీ, మార్చేసిన సంగతి మాత్రం మన భయ్యాకి చెప్పను. భయపడతాడు," అన్నాడు.

ఇంకోటి తెచ్చేద్దామన్న మావయ్య మాట, పొలంలో ఒదిలేశామన్న అమ్మ మాట, అన్నీ అక్కడే కూలిపోయాయి. వీడు కొమ్ము చూసి పట్టేసే రకం. వీడికి ఎవరూ ఏ అబద్ధమూ చెప్పలేరు. వీడు మళ్ళీ గోడకేసి తిరుగుతాడు, ఈసారి తిప్పుకురావడానికి ఏ సినిమా మేకా రాదు. రెండో సగం నేనేం చూశానో నాకే తెలీదు. ఆఖర్న మేక కుంటుకుంటూ వచ్చి పిల్లాడి తలుపు కొమ్ముతో తోసింది, పిల్లాడు "భయ్యా ఘర్ ఆ గయా!", భయ్యా ఇంటికొచ్చేశాడు, అని అరిచాడు, హాలు మొత్తం అరిచింది. తమ్ముడు చివరి వేలు మడిచాడు.

బయటికొచ్చాం. ఎండ మొహం మీద ఫెళ్ళున కొట్టింది. పిల్లలూ తల్లిదండ్రులూ రిక్షాలెక్కి వెళ్ళిపోయారు. నాన్న లేడు. గేటు దగ్గర నీడలో నిలబడ్డాం. వేయించిన సెనక్కాయలు కొనిపెట్టాను. అవీ అయిపోయాయి. నాన్న రాలేదు. అయిపోతే వచ్చేవాడు కదా, రాలేదంటే ఇంకా అవ్వలేదన్నమాట. అంతసేపు ఎందుకవుతుంది? లేకపోతే అయ్యాక అమ్మ స్పృహ తప్పిందా? మామ్మకేమన్నా అయ్యిందా?

"దీదీ, పద. మర్చిపోతాను!" తమ్ముడు రెండు పిడికిళ్ళూ బిగించి పట్టుకున్నాడు, వేళ్ళు విప్పితే కథ కారిపోతుందన్నట్టు. కళ్ళ నిండా నీళ్ళు. ఇదిగో వస్తారు, అదిగో వస్తారు అంటూ ఆపుతున్నాను. ఇంతలో మా ప్రాణానికి పక్కింటి సర్దార్జీ అంకుల్ స్కూటర్ మీద అటే వెళ్తూ మమ్మల్ని చూసి ఆగాడు. నాన్న వస్తారు అంకుల్ అంటే వింటేనా! "అరే బేటా, ఇంత ఎండలో నిలబెడతారా పిల్లల్ని? రా, రా," అని తమ్ముణ్ణి ఎత్తి ముందు నిలబెట్టేశాడు. మంచితనానికి కూడా వేళాపాళా ఉండొద్దూ? కాదంటే ఎందుకని అడుగుతాడు. ఏం చెప్పను? వెనక ఎక్కి కూర్చున్నాను.

దారి పొడుగునా అమ్మవారికి దండం పెట్టుకున్నాను. ఏమని పెట్టుకోవాలో మాత్రం తెలీలేదు. అయిపోయి ఉండాలి తల్లీ, అనుకున్నాను. వెంటనే, వొద్దు తల్లీ, అవ్వకుండా ఉండాలి, అనుకున్నాను. వెంటనే, తమ్ముడికేం చెయ్యకు, అనుకున్నాను. ఆవిడకి నా మొర అర్థమై ఉంటే ఆవిడ నిజంగా దేవతే.

స్కూటర్ ఆగీ ఆగకముందే తమ్ముడు దూకి, ఇంటి పక్కసందులోంచి పెరట్లోకి పరిగెత్తాడు. వాడి వెనకాల నేను.

మేక నిలబడి ఉంది.

ఒళ్ళంతా పసుపు, నుదుటి మచ్చ మీద కుంకుమ, మెళ్ళో వేపాకుల దండ. తల నుంచి గిట్టల దాకా తడిసి ముద్దయింది. కాళ్ళ దగ్గర నీళ్ళు మడుగు కట్టాయి. గద్దె ముందు మామ్మ ఇత్తడి చెంబు పట్టుకుని కూలబడి ఉంది, మొహంలో నెత్తురు చుక్క లేదు. మావయ్య నన్ను చూసి, పక్కనున్న కత్తి మీదకి గోనెపట్టా లాగేశాడు. నాన్న చొక్కా చెమటకి ఒంటికి అతుక్కుపోయింది. నన్ను చూడగానే, "అయ్యో, టైం..." అని నెత్తి కొట్టుకున్నాడు.

మా వైపు పద్ధతి ఒకటుంది. మొక్కు మేక మీద పసుపు నీళ్ళు చల్లితే అది ఒళ్ళు జలదరించి విదిలించాలి. విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే కత్తి ఎత్తకూడదు, ఎత్తితే ఇంటికే చేటు. వీళ్ళు మేం సినిమాకెళ్ళినప్పట్నుంచీ చల్లుతూనే ఉన్నారు. చెంబులు అయిపోయి బకెట్లకి వచ్చారు. అది కళ్ళు మూసుకుని హాయిగా నిలబడింది. ఎండాకాలమంతా వీడు పోసిన నీళ్ళు! నాకు ఆ క్షణంలో వెలిగింది. ఎవరైనా నన్ను అడిగితే పొద్దున్నే చెప్పేదాన్ని. అడిగితే కదా!

తమ్ముడు మాత్రం చేతులు చాచి, "అరే వా భయ్యా! నహా లియా?" అన్నాడు, స్నానమైపోయిందా అని. కహానీ వినడానికి తయారై కూర్చుందనుకున్నాడు వాడు. నాన్న వాణ్ణి ఎత్తుకుని లోపలికి తీసుకుపోబోయాడు.

"ఒగ్గీ బాబూ వాణ్ణి," అంది మామ్మ. "ఇంకేటి దాస్తావు. ఒగ్గీ."

నాన్నా మావయ్యా పంపు దగ్గరికెళ్ళి మాకు వీపు పెట్టి నిలబడ్డారు. నీళ్ళల్లో ఉప్పు కలిపి చల్లితే ఎలాగుంటాదని మావయ్య అంటున్నాడు, చాల్లే ఊరుకో అని నాన్న. అమ్మ వంటింట్లోంచి బయటికే రాలేదు. వేపచెట్టు కింద మామ్మా, నేనూ, తమ్ముడూ, మేకా.

వాడు మేక చెవి పట్టుకుని, మొదటి వేలు విప్పి మొదలెట్టాడు. దొంగలు, లారీ, పట్నం. కసాయి దుకాణం దగ్గర గొంతు తగ్గించి, "భయపడకు, ఏం కాదు," అన్నాడు. మేక కదల్లేదు, చెవి మాత్రం వాడికి అప్పగించింది. మామ్మకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా వాడి నోటికేసే చూస్తోంది. మాట పోయిందనుకున్న పిల్లాడి నోట్లోంచి మాటలు అలా కురుస్తున్నాయి. వేళ్ళన్నీ విప్పేశాడు. చివరి వేలు. నోరు మేక చెవికి ఆనించి, ఉన్న ఊపిరంతా పెట్టి, "భయ్యా ఘర్ ఆ గయా!" అన్నాడు.

మేక విదిలించింది.

చెవుల దగ్గర మొదలై వీపు మీదుగా తోక చివరిదాకా, నా బతుకులో నేనెప్పుడూ చూడనంతగా జలదరించి, ఒళ్ళంతా ఝాడించింది. పసుపు నీళ్ళు మా మీద చిమ్మాయి, గద్దె మీద చిమ్మాయి, మామ్మ మొహం నిండా పడ్డాయి. మామ్మ కళ్ళార్పలేదు. పొద్దుట్నుంచీ ఆవిడ ఎదురుచూసింది దీనికే. ఏడాదిగా దీనికే. తమ్ముడు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "నచ్చింది దీదీ! వాడికి నచ్చింది!"

మామ్మ నాకేసి చూసింది. నేను ఆవిడకేసి చూశాను.

నవ్వు విని మావయ్య వెనక్కి తిరిగాడు. "ఏటి? ఏటైంది అప్పా? ఇదిలించిందా?" అన్నాడు మామ్మతో.

మామ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. మెల్లిగా, నుదురూ, బుగ్గలూ, గెడ్డమూ. ఆ కొంగుకే రూపాయి బిళ్ళ ముడి ఇంకా ఉంది.

"నేదు," అంది. "ఈగ వాలింది."

మావయ్య దగ్గరికొచ్చి మేకకేసీ మామ్మకేసీ అనుమానంగా చూశాడు. మామ్మ లేచి నిలబడి గట్టిగా, "అమ్మవారికి ఈ మేక అక్కర్నేదు. ఎంతసేపు తడుపుతారు దాన్ని, రొంప పట్టదా? గుమ్మడికాయ తెచ్చి కొట్టీండి, మొక్కు నాను సూసుకుంటాను," అంది. ఆవిడ అలా అంటే ఆ ఇంట్లో ఎదురు చెప్పేవాడు పుట్టలేదు. గుమ్మడికాయ కొట్టారు. అమ్మ పప్పుచారు పెట్టింది. నాన్న పెరటి మెట్టు మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటే, చెమటలే అనుకున్నాడు తమ్ముడు.

ఆ రోజు నుంచి మామ్మ నీచు ముట్టలేదు. ఎండు చేపల వాసనకి పక్క వీధి నుంచి లేచొచ్చే మనిషి, నోటికి అరుచిగా ఉందని తప్పించుకునేది. ఎందుకని ఎవరూ గట్టిగా అడగలేదు. నేనసలు అడగలేదు.

వానలు పడ్డాక తమ్ముడికి జ్వరం వచ్చింది. మామూలు వానాకాలం జ్వరమే, మందులకి తగ్గిపోయింది, వాడిప్పుడు నా కంటే పొడుగు. కానీ తగ్గేదాకా మా ఇల్లు ఇల్లు కాదు. ఒళ్ళు పెనంలా కాలిపోతుంటే వాడు భయ్యా, భయ్యా అని పలవరించేవాడు. మేకని తెచ్చి కిటికీ కింద కట్టాం. నేను వాడి మంచం కోడు పట్టుకుని నిలబడి, అమ్మవారికి ఏమేమిటో ఇస్తానని లోలోపల మొక్కేసుకున్నాను, నా జడ, నా సైకిలు, చేతికి అందినవన్నీ.

ఓ సాయంత్రం మామ్మ నన్ను పెరట్లోకి పిలిచింది. వాన వెలిసింది. గద్దె మట్టి కాస్త కరిగింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"ఒలే. ఆ దినం నువ్వూ ఉన్నావు కదా ఇక్కడ."

"ఉన్నాను మామ్మా."

"కళ్ళారా సూసావు కదా."

"చూశాను."

"ఏటి సూసావు?"

లోపల తమ్ముడు దగ్గాడు. మామ్మ పట్టు బిగుసుకుంది. ఆవిడ కళ్ళల్లోకి చూశాను. ఆవిడ నన్ను నిజం అడగడంలేదు.

"ఈగ," అన్నాను. "చెవి మీద వాలింది."

"పెద్దదేనా?"

"పెద్దది మామ్మా. నల్లది."

ఆవిడ వంగి, కరిగిన గద్దె మట్టిని రెండో చేత్తో ఒత్తి సరిచేసింది.

"అవునే," అంది చివరికి. "నానూ అదే సూసాను."

నా చెయ్యి మాత్రం వదల్లేదు.